గళ్ళ నుడికట్టుకు ఆధారాలు ఎలా రాయాలి?

మొన్న దసరాకు ఒక పత్రికలో గళ్ళ నుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్ పజిల్ చూశాను. అందులో ఒక ఆధారం, అంటే క్లూ, ఇది: "తడబడిన సరదా ఒక పండగ (3)". బ్రాకెట్లో అంకె జవాబుకు పట్టే గళ్ళు. జవాబు దసరా. చదవగానే ముచ్చటగా ఉంటుంది, కానీ అది తప్పు. ఇదే తప్పు ఏళ్ళ తరబడి చూస్తున్నాను. కూర్చేవాళ్ళకు ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇలా జరుగుతోందని నా నమ్మకం.

ముందు తేలిక పనులు కానిద్దాం.

గళ్ళ కాగితం, పెన్సిల్, రబ్బరు తీసుకోండి. 9 అడ్డం, 9 నిలువు గళ్ళు చాలు. ఇంగ్లిష్ పజిళ్ళకు 15 గళ్ళు కావాలి, ఎందుకంటే వాళ్ళ మాటలు ఒక్కో అక్షరంగా సాగుతాయి. మనకు గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఒకే గడిలో ఇమిడిపోతాయి. కాగితాన్ని తలకిందులు చేసినా నల్లగళ్ళు అదే ఆకారంలో కనిపించాలి.

తర్వాత మాటలు నింపండి, పొడుగు మాటలు ముందు. సున్నాను విడిగా లెక్కపెట్టకండి. నల్లగొండ అంటే న, ల్ల, గొం, డ. నాలుగే. నాగర్‌కర్నూల్, నకిరేకల్ లాంటి పేర్లు వేస్తే చివరి పొల్లు మీదుగా ఇంకో మాట వెళ్ళకుండా చూసుకోండి. 'ల్'తో మొదలయ్యే తెలుగు మాట దొరకదు. నిఘంటువు తెరిచి ఎవరూ వాడని మాటలు ఏరకండి. పల్లి, నల్లా, అంగి వేయండి. పాలమూరు వాళ్ళు చేసే పజిల్లో 'వేరుశనగ' అక్కర్లేదు.

ఇక అసలు పని, ఆధారం రాయడం. ఇక్కడ తొందర పడకండి.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి పజిల్లో ఆధారాలు దాదాపు అన్నీ నేరుగా అర్థం చెప్పేవే. మాటల తిరకాసు తర్వాత ఇంగ్లండ్‌లో ముదిరింది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి వాళ్ళు దానికి మన రుచి తెచ్చారు. ఆ రుచి కావాలంటే ప్రతి ఆధారంలో రెండు ముక్కలు ఉండాలి. ఒకటి జవాబుకు అర్థం, రెండోది మాటతో ఆట. అర్థం మొదట్లోనో చివర్లోనో ఉండాలి, మధ్యలో ఉండకూడదు. ఈ రెండూ పోగా మిగిలిన మాట ఏదైనా ఉంటే కొట్టేయండి.

"తల తిరిగితే తీగ పట్టుకోండి (2)" అని ఒకరు రాశారు. తల తిరగేస్తే లత, అర్థం తీగ. అంతవరకు బాగుంది. మరి 'పట్టుకోండి' చేసే పనేమిటి? ఏమీ లేదు. చేసేవాడు ఆ మాట పట్టుకుని అరగంట వెతుకుతాడు. "తల తిరిగితే తీగ" అంటే చాలు.

తిరగేయడం, మాట మధ్యలో దాచడం, ముక్కలు అతికించడం, శ్లేష. ఈ నాలుగూ మన భాషకు బాగా అతుకుతాయి. "తిరగబడిన పలక అడితిలో దొరుకుతుంది (3)" అంటే కలప. "పోచంపల్లి చివర్లో ఉడకబెట్టుకుని తినేది (2)" అంటే పల్లి. "పాలమూరులో చెట్టు, సూర్యాపేట దగ్గర ఊరు (5)" అంటే పిల్లలమర్రి. ఇది శ్లేష, ఇందులో రెండు ముక్కలూ అర్థాలే. మర్రి చూసినవాళ్ళకు కాకతీయుల కాలం నాటి గుళ్ళున్న ఊరు గుర్తు రాదు, గుళ్ళు చూసినవాళ్ళకు మర్రి తట్టదు. నాకు బాగా నచ్చినది ఇది: "కొత్త వెనక్కి తిరిగి, పుట్టపర్తిలో పుట్ట వదిలేస్తే ఒకప్పటి సంస్థానం (4)". కొత్త అంటే నవ, వెనక్కి తిప్పితే వన. పుట్ట పోతే పర్తి. కలిపితే వనపర్తి.

ఒకసారి మునుగోడు రాసుకున్నాను. చివరి రెండక్షరాలు గోడు. ఆధారం ఇట్టే తయారైంది, కానీ వేయలేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషుల ఊళ్ళవి. వాళ్ళ బాధతో మాటలాట ఆడకూడదు. ఇది నా ఒక్కడి ఇష్టం కాదు, కూర్చేవాళ్ళందరూ పాటించాల్సిన నియమం.

ఇప్పుడు ఆ సరదా సంగతి. అక్షరాలు కలగాపులగం చేసే ఆధారంలోనే ఎక్కువమంది పడిపోతారు. గళ్ళ మీద రాసి చూడండి. సరదా: స, ర, దా. దసరా: ద, స, రా. మొదటి దాంట్లో 'దా' ఉంది, రెండో దాంట్లో 'ద' ఉంది. 'ర'కు దీర్ఘం ఎక్కడినుంచి వచ్చింది? 'దా' దగ్గర పీకి 'ర'కు తగిలించారు. తెలుగులో గడి అంటే పూర్తి అక్షరం. గుణింతాన్ని విరిచి పక్కదానికి అతికిస్తే ఆట చెడిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండూ సరిపోతాయి, మోసపోయేది అక్కడే. ఫోన్ కూడా 'దా'ను ద వేరు, దీర్ఘం వేరుగా దాచుకుంటుంది కాబట్టి ఇంగ్లిష్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌ను నమ్మకండి. చేత్తో గళ్ళలో రాసి, ఒక్కో అక్షరం కొట్టేస్తూ సరిచూడండి. నవల, వలన: న, వ, ల మూడూ అలాగే ఉన్నాయి. ఇది సరైన కలగాపులగం.

మరి దసరాకు ఆధారం ఎలా? రెండు రాత్రులు పట్టింది. "పండగ! పద సరాసరి లోపలికి (3)". 'పద సరాసరి' లోపల ద, స, రా విరక్కుండా వరసగా ఉన్నాయి.

చివరగా, పజిల్ ఎప్పుడూ చేయని మనిషికి ఇచ్చి పక్కన కూర్చోండి. సాయం చేయకండి. పెన్సిల్ ఎక్కడ ఆగిందో చూసుకోండి. నేను మా చిన్నమ్మకు ఇస్తాను. దసరా ఆధారం దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. బతుకమ్మ అని రాసింది, మూడు గళ్ళే ఉన్నాయని చెరిపేసింది. తర్వాత పైకి చదివింది. రెండోసారి ఇంకా గట్టిగా, మాటలు కలిపి చదివింది.

"పదసరాసరి... అరె, గిండ్లనే ఉన్నది గదరా!"

ఆ ఆధారంలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.