వాళ్లడగరు, మనమే చెప్పాలి

చిత్తూరు కోర్టు దగ్గర నాకొక చిన్న టైపింగ్ కొట్టుంది. అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, వాటికి ఇంగ్లీషు తర్జుమాలు నా బతుకుదెరువు. 2021 చివర్లో పుత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయన ఎఫ్ఐఆర్ కాపీ మడతపెట్టుకుని వచ్చినాడు. "అమ్మా, ఇది ఇంగ్లీషులో కావల్ల. మావాడు అమెరికా బార్డర్లో శరణు అడిగినాడు" అన్నాడు. కులం కాని పిల్లను పెళ్లి చేసుకున్నందుకు అమ్మాయి తరఫువాళ్లు తరిమినారంట. ఆ తర్వాత ఇట్లాంటి కాయితాలు ఇంకో మూడు నాలుగిళ్లవి చేసినాను. నేను లాయర్ని కాను. కేసు నడిపేది అక్కడి లాయరే. కరోనా పేరుతో అమెరికా సరిహద్దు మూసిన కాలంలో అవతల నిలబడినవాడు ఏం చెప్పాలి, ఇక్కడ ఇంటివాళ్లు ఏం సిద్ధం చేయాలి, అంతవరకే రాస్తాను.

మూసేసినారు అంటే ఏమిటో నాకు 2020 మే నెలలో తెలిసింది. మా అమ్మకు వేలూరులో కరెంటు పెట్టిస్తా ఉన్నాము. చేతిలో పాసుంది, ఆసుపత్రి చీటీ ఉంది. చెక్‌పోస్టు కాడ (ఏ చెక్‌పోస్టో ఎందుకులెండి) "మూసేసినాం, ఎనక్కి పోండి" అన్నారు. అప్పటికి నెల ముందే వేలూరు జిల్లావాళ్లు పలమనేరు–గుడియాత్తం దారిలో, పొన్నై దారిలో రోడ్డుకడ్డంగా గోడలే కట్టేసి, గోలయినాక తీసేసి ఉన్నారు. వైద్యం కోసం వెళ్లేవాళ్లను విడవొచ్చని ఆర్డర్లో ఉంది. కానీ "మీకేమైనా జబ్బుందా" అని అక్కడ ఎవరూ అడగలేదు. కారు దిగి, చీటీ చూపించి, "ఈరోజు కరెంటు పెట్టకపోతే వరస తప్పుతుంది" అని నేను గట్టిగా నాలుగుసార్లు చెప్పినాక ముప్పావుగంటకు వదిలినారు. ముందే చెప్పుంటే అంతసేపు పట్టేది కాదేమో.

అమెరికా సరిహద్దులో జరిగింది దీనికి పెద్దన్న. 2020 మార్చి 20న అక్కడి ప్రభుత్వం 1944 నాటి ప్రజారోగ్య చట్టంలోని ఒక సెక్షన్ను బయటికి తీసి వాడుకుని, కరోనా పేరుతో మెక్సికో వైపు నుంచి వచ్చినవాళ్లను జడ్జి ముఖం చూపించకుండా గంటల్లో వెనక్కి పంపడం మొదలుపెట్టింది. అందరూ టైటిల్ 42 అనేవాళ్లు. 2023 మే 11 దాకా నడిచింది. అట్లా వెనక్కి నెట్టింది 28 లక్షలసార్లకు పైనే. ఒకే మనిషిని రెండు మూడుసార్లు నెట్టింది కూడా అందులోనే లెక్క. అంతమాత్రాన శరణు చట్టాన్ని రద్దు చేయలేదు, దాని దగ్గరికి పోయే దారికి మాత్రం అడ్డం పెట్టినారు. 2020 ఏప్రిల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క చూస్తే 167 దేశాలు సరిహద్దులు పూర్తిగానో కొంతో మూసినాయి. వాటిలో 57 దేశాలు శరణు అడిగేవాళ్లకు కూడా మినహాయింపు ఇవ్వలేదు. అదే ఏడాది జులైలో ఉగాండా మాత్రం కాంగో నుంచి పారిపోయొచ్చినవాళ్ల కోసం కొన్నిరోజులు గేటు తీసి, క్వారంటైన్లో పెట్టి లోపలికి తీసుకుంది. మనసుంటే జబ్బును ఆపడం, శరణు ఇవ్వడం రెండూ జరుగుతాయి.

అందుకని మొదటి పని, ఆ రోజు అమల్లో ఉన్న ఆర్డరు చదవడం, చదివించుకోవడం. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి లేదు అన్నదే ప్రాణం. టైటిల్ 42 కింద మెక్సికో వెనక్కి తీసుకుంది చాలాకాలం తన పౌరులను, గ్వాటెమాల, హోండురస్, ఎల్ సాల్వడార్ వాళ్లను మాత్రమే. మన పెద్దాయన కొడుకును మెక్సికో తీసుకోలేదు కాబట్టి డిటెన్షన్లో పెట్టి, మామూలు చట్టం కింద భయం గురించి ఇంటర్వ్యూ చేసినారు. ఒకే గేటు కాడ పాస్‌పోర్టును బట్టి రెండు రకాల న్యాయం. కెనడా సంగతి వేరు. 2020 మార్చి 21 నుంచి 2021 నవంబర్ 21 దాకా రెండు దేశాల సరిహద్దులోని రాక్సమ్ రోడ్డులో అమెరికా నుంచి దాటినవాళ్లను అమెరికాకే తిప్పి పంపినారు. ఏజెంటు ఈ తేడాలేవీ చెప్పడు. "పోతే చాలు" అంటాడు, లక్షలు తీసుకుంటాడు.

రెండోది నోరు. 2022 మార్చిలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, పిల్లలతో వచ్చిన కుటుంబాలను హింసించే చోటికి మాత్రం పంపకూడదని చెప్పింది. కానీ టైటిల్ 42 కింద "నీకు భయముందా" అని అడగాల్సిన పని అధికారికి ఉండేది కాదు. వచ్చినవాడే, ఎవరూ అడక్కుండా చెప్పుకోవాలి. "మా ఊరికి పోతే నన్ను చంపుతారు, నేను శరణు అడుగుతున్నాను" అనే రెండు ముక్కలు ఇంగ్లీషులో కంఠతా పట్టించండి. "పని కోసం వచ్చినా" అన్న మాట భయంకొద్దీ నోటికి వస్తుంది. అది కాగితం మీదికెక్కితే తర్వాత చెరపడం మహా కష్టం. ఇంకో సంగతి, భాష. ఇండియా అనగానే ఫోన్లో హిందీ దుబాసీని కలుపుతారు. మన పెద్దాయన కొడుకు సినిమా హిందీతో నెట్టుకొచ్చి, "బెదిరించినారు" అనాల్సిన చోట "కొట్టినారు" అన్నట్టు రాయించుకున్నాడు. తెలుగు దుబాసీ కావాలని అడిగితే తప్పేం లేదు.

ఇక నా పని, కాయితాలు. ఎఫ్ఐఆర్, ప్రభుత్వాసుపత్రి ఇచ్చిన వూండ్ సర్టిఫికెట్, పెళ్లి రిజిస్ట్రేషన్, పత్రికలో వచ్చుంటే జిల్లా ఎడిషన్లో ఆ పేజీ మొత్తం. వార్త మాత్రం కత్తిరించి తెస్తారు, తేదీ ఉన్న పైభాగం లేకపోతే దాన్ని ఎవరు నమ్ముతారు? ప్రతి తెలుగు కాయితానికీ పూర్తి తర్జుమా ఉండాలి. కింద తర్జుమా చేసినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తిగా, సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాలి. దానికి నోటరీ ముద్ర అక్కర్లేదు, ఆ డబ్బులు మిగిలించుకోండి.

తేదీల దగ్గర నేనే బోల్తాపడినాను. 5/6/2020 అని మన పద్ధతిలో కొట్టి పంపితే అక్కడ మే 6 అని చదివినారు. కుర్రాడు జూన్ అన్నాడు. "ఎందుకు మాట మారుస్తున్నావు" అని అడిగినారంట. అప్పటినుంచి నెలను అక్షరాల్లోనే రాస్తాను. సాక్షులు "గంగజాతర అయిన మూడోనాడు", "శెనక్కాయ పెరికేటప్పుడు" అంటారు. అట్లాగే రాసి, పక్కన నెల, సంవత్సరం సాక్షి చేతే చెప్పించుకోండి, మీరు ఊహించొద్దు.

చెప్పకూడని సంగతి కూడా చెబుతాను. నాకు వచ్చిన వాటిలో ఒకటి ఒట్టి కట్టుకథ. వెనక్కి ఇచ్చేసినాను. మతం, జాతి, దేశీయత, రాజకీయాభిప్రాయం, సమాజంలో ఒక ప్రత్యేక గుంపుకు చెందడం, ఈ ఐదింట్లో ఏదో ఒకదానివల్ల వేధింపు ఉంటేనే అక్కడ శరణు. అప్పులవాళ్ల బాధ దాంట్లోకి రాదు. తెలిసి అబద్ధపు అర్జీ పెట్టినట్టు తేలితే అమెరికాలో ఇక ఏ ఇమిగ్రేషన్ మేలూ జన్మలో దక్కదు. నిజమైన కేసుకు కూడా "చిత్తూరులో భయమైతే వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండొచ్చు కదా" అన్న ప్రశ్న తప్పదు. వేరే ఊరికి పోయి చూసుంటే అక్కడికీ ఎట్లా వెతుక్కుంటూ వచ్చినారో రాయండి. ఆ ఇంటి అద్దె రసీదు దొరికితే అది ఎఫ్ఐఆర్ అంత విలువైంది.

లోపలికి పోయినాక ఐ-589 అనే శరణు అర్జీ ఏడాదిలోపల వేయాలి. కరోనా, కోర్టు వాయిదా అని కూర్చుంటే ఆ ఏడాది ఇట్టే జారిపోతుంది.

చివరగా, పట్టుకోగానే ఫోను తీసేసుకుంటారు. నంబరు ఫోన్లో ఉంటే లేనట్టే. పెద్దాయన కొడుక్కి ఇంటి నంబరొక్కటే కంఠతా వచ్చంట, పదకొండు రోజుల తర్వాత దానికే ఫోన్ చేసినాడు. పాత బటన్ ఫోను. కేసు ఇంకా నడుస్తానే ఉంది. ఆయన మా కొట్టుకొచ్చినప్పుడల్లా పక్కనున్న అంగట్లో ఆ నంబరుకు రీచార్జి చేయించుకునే పోతాడు.