త్వరణంలో ఉన్న ఛార్జి వెలుగు చిమ్మితే: క్లాసికల్ లెక్క ఎప్పుడు, క్వాంటమ్ లెక్క ఎప్పుడు

ఛార్జి సెకనుకు ఎంత శక్తి చిమ్ముతుందో చెప్పే క్లాసికల్ లార్మర్ సూత్రం వాడాలా, క్వాంటమ్ పద్ధతిలో ఫోటాన్లను (వెలుగు పొట్లాలను) లెక్కపెట్టాలా అని టెన్షన్ పడేముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఒక చుక్క పెట్టి దాన్ని ఎలక్ట్రాన్ అనుకోండి, నాలుగు వైపులా విద్యుత్ క్షేత్ర రేఖలు గీయండి. ఇప్పుడు దాన్ని చటుక్కున కాస్త పక్కకు జరిపి ఆపారనుకుందాం. ఆ కబురు కాంతి వేగంతోనే పాకుతుంది కదా, ఒక సెకను తర్వాత 3 లక్షల కిలోమీటర్ల అవతల ఉన్న రేఖలు ఇంకా పాత చోటువైపే చూస్తుంటాయి, ఇవతలివి కొత్త చోటువైపు తిరిగిపోయి ఉంటాయి. రేఖ తెగకూడదు కాబట్టి ఆ సరిహద్దులో అడ్డంగా వంగక తప్పదు. ఆ వంపే రేడియేషన్. నిలకడగా ఉన్న ఛార్జి క్షేత్రం దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది, ఈ వంపు సగానికే తగ్గుతుంది, అందుకే చాలా దూరం వెళ్లాక మిగిలేది ఇదొక్కటే. త్వరణం రెట్టింపైతే సెకనుకు వెలువడే శక్తి నాలుగు రెట్లవుతుందని 1897లో లార్మర్ చూపించాడు.

తర్వాతి పని, ఒక్క ఫోటాన్ శక్తి ఎంతో చూడటం. ప్లాంక్ స్థిరాంకాన్ని పౌనఃపున్యంతో గుణిస్తే చాలు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 1 వాట్ పంపే యాంటెన్నా నుంచి సెకనుకు దాదాపు 1.5×10²⁵ ఫోటాన్లు వస్తాయి, అన్నిటిలో ఒక్కొక్కటీ విడిగా తెలియదు, అక్కడ క్లాసికల్ లెక్క నిశ్చింతగా వాడండి.

ఎక్స్‌రే ట్యూబు దగ్గర మాత్రం ఆగండి. 40 కిలోవోల్టులతో పరుగెత్తిన ఎలక్ట్రాన్ లోహానికి తగిలి ఆగినప్పుడు వచ్చే వర్ణపటం సరిగ్గా 0.031 నానోమీటర్ల దగ్గర తెగిపోతుంది. తన దగ్గరున్న 40 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులకు మించి అది ఒక్క ఫోటాన్‌కు ఇవ్వలేదు మరి! క్లాసికల్ లెక్కలో ఈ హద్దు ఎంత వెతికినా దొరకదు.

పరమాణువులో అయితే లార్మర్‌ను అసలు తేవద్దు, తెస్తే హైడ్రోజన్ 1.6×10⁻¹¹ సెకన్లలో కూలిపోవాలి. అట్టడుగు స్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్‌కు దిగడానికి ఇంకో మెట్టు లేదు, అందుకే వెలుగు రాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో వలయంలో తిప్పే యంత్రం), ఎందుకంటే అక్కడ రెండూ కావాలి. 3 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్ వదిలే ఫోటాన్లు ఎక్కువగా కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల్లోనే ఉంటాయి, కాబట్టి సగటు నష్టానికి సాపేక్షతా సవరణ చేర్చిన లార్మర్ సూత్రం సరిపోతుంది. కానీ ఒక్కో ఫోటాన్ వెళ్లినప్పుడల్లా ఎలక్ట్రాన్‌కు చిన్న కుదుపు తగులుతుంది, ఆ కుదుపులను వదిలేసి లెక్కిస్తే ఎలక్ట్రాన్ల పుంజం అసలుకన్నా మరీ సన్నగా వస్తుంది.