ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు డొరతీ ఆర్జ్‌నర్ సినిమాలు ఎలా చూడాలంటే

ఎడిటింగ్ చేస్తూ ఎప్పటికైనా డైరెక్షన్ చేయాలనుకునేవాళ్లు, ఎడిటర్ నుంచి డైరెక్టర్ అయిన హాలీవుడ్ మహిళ డొరతీ ఆర్జ్‌నర్ సినిమాలు చూసి తీరాలి. అలాగని ఫిల్మోగ్రఫీ ముందేసుకుని మొదటి నుంచి చివరిదాకా చూడక్కర్లేదు, మూడు చాలు.

మొదటిది 1922 నాటి 'బ్లడ్ అండ్ శాండ్'. దీనికి ఆవిడ డైరెక్టర్ కాదు, ఎడిటర్. అంతకు మూడేళ్ల ముందే స్క్రిప్టులు టైప్ చేసే ఉద్యోగంలో చేరి, కంటిన్యుటీ (షాట్‌కీ షాట్‌కీ పొంతన చూసే పని) మీదుగా కటింగ్ టేబుల్ దాకా వచ్చేసింది. ఇందులో ఎద్దుల పోరు సీన్లు పట్టుకోండి. దూరపు షాట్లలో నిజమైన పోటీల స్టాక్ ఫుటేజ్ (అంతకుముందే తీసి ఉంచిన షాట్లు) ఉంటుంది, దగ్గరి షాట్లలో హీరో వాలెంటినో ఉంటాడు. ఈ రెండూ ఎక్కడ అతుక్కున్నాయో ఆపి ఆపి చూడండి. అతని చూపు ఎటుంది, ఎద్దు ఎటు నుంచి వస్తోంది, కదలిక పూర్తయ్యాక కట్ పడిందా, మధ్యలోనే పడిందా? కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. స్టూడియోకి బోలెడు డబ్బు మిగిల్చిన పని ఇది.

ఇక డైరెక్షన్ ఛాన్స్ ఎలా వచ్చిందంటే, ఎవరూ పిలిచి ఇవ్వలేదు. కొలంబియా స్టూడియోలో డైరెక్షన్ ఆఫర్ ఉంది, వెళ్లిపోతున్నానని తను పనిచేస్తున్న పారమౌంట్‌లో చెప్పేసింది, ఉండమంటే పెద్ద సినిమా ఇవ్వాలి, అదీ రెండు వారాల్లో సెట్ మీదకు వెళ్లాలి అని బేరం పెట్టింది. అలా 1927లో 'ఫ్యాషన్స్ ఫర్ విమెన్' వచ్చింది. (చేతిలో పని ఉన్నవాళ్ల బేరం ఇలాగే ఉంటుంది మరి.)

రెండోది 'ది వైల్డ్ పార్టీ', 1929. హీరోయిన్ క్లారా బోకి ఇదే మొదటి టాకీ. అప్పట్లో మైకు ఒకచోట పాతినట్టు ఉండేది, నటులు దాని చుట్టూనే తిరగాలి. ఈవిడ దాన్ని చేపలు పట్టే గాలపు కర్రలాంటిదానికి కట్టించి హీరోయిన్ తల మీదుగా నడిపించిందని చెబుతారు. కథ పాతబడింది, దాన్ని పట్టించుకోకుండా క్లారా బో నడుస్తూ మాట్లాడే చోట్లు చూడండి చాలు.

అసలు పాఠం మూడోది, 1940 నాటి 'డాన్స్, గర్ల్, డాన్స్'. స్టేజీ మీద బ్యాలే చేస్తున్న మోరీన్ ఒహారాని చూసి జనం గోల చేస్తుంటారు. ఆమె డాన్స్ ఆపేసి, ముందుకొచ్చి, చేతులు కట్టుకుని వాళ్లని కడిగేస్తుంది. ఆ సీన్ మొదట సౌండ్ తీసేసి చూడండి. ఆమె నుంచి జనం మొహాల మీదకి కట్ ఎప్పుడు వెళ్తోందో, నవ్వులు ఎక్కడ ఆగిపోతున్నాయో అప్పుడు తెలుస్తుంది. కాసేపటికి ఆడియన్స్‌లోంచి ఒకావిడ లేచి చప్పట్లు మొదలుపెడుతుంది. తర్వాత సౌండ్ పెట్టుకుని, ఏ మాట దగ్గర ఎవరి మొహం మీదకి కట్ పడిందో గమనించండి.

ఇంకా ఓపికుంటే ఆ సీన్‌ని మీ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని జనం షాట్లన్నీ తీసేసి, కింద మాటలు మాత్రం అలాగే నడవనిచ్చి చూడండి. తర్వాత ఒక్కో షాట్ మళ్లీ దాని చోట పెడుతూ రండి, ఎన్నోదానికి ఆ తిట్లు తగులుతున్నాయో మీకే తెలిసిపోతుంది.