ఫైల్ తెరిస్తే ప్రతిసారీ మొదటి పేజీయేనా? ముందు ఇవి చూడండి

నూట యాభై పేజీల ఫైల్ తెరుస్తాం, కర్సర్ వెళ్ళి మొదటి పేజీ మొదటి అక్షరం ముందు నిలబడుతుంది. నిన్న ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే పది నిమిషాలు పోతాయి.

వర్డ్‌లో అయితే షిఫ్ట్ పట్టుకుని ఎఫ్5 నొక్కితే చివరగా మార్పు చేసిన చోటికి వెళ్ళాలి. వెళ్ళట్లేదా? ముందు కీబోర్డు చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్5 మీద వెలుతురుకో సౌండ్‌కో సంబంధించిన బొమ్మ ఉంటుంది, ఉత్తినే నొక్కితే ఆ పనే అవుతుంది, ఎఫ్ఎన్ అని రాసి ఉన్న కీ కూడా కలిపి నొక్కాలి. ఈ ఒక్కటి చూడకుండా సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ళీ వేసుకున్నవాళ్ళు ఎందరో, దయచేసి ఆ పని చేయకండి. రెండోది, ఫైల్ తెరవగానే నొక్కాలి, ఏదైనా టైప్ చేశాక కాదు. మెయిల్‌లో వచ్చిన ఫైల్‌కి పైన పసుపు పట్టీ కనిపిస్తే ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కాకే ప్రయత్నించండి. ఇంకో మాట, మౌస్ చక్రం తిప్పుతూ నలభయ్యో పేజీ దాకా చదివినా కర్సర్ మూడో పేజీలోనే ఉండిపోతుంది, ఈ కీలు తీసుకెళ్ళేది మీరు చదివిన చోటికి కాదు, మార్చిన చోటికి.

అసలు గొడవంతా లిబ్రెఆఫీస్ రైటర్‌తో, అంటే వర్డ్ లాంటిదే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో. ఇందులో ఏ కీ నొక్కకుండానే ఓడీటీ ఫైల్ (రైటర్ సొంత రకం ఫైల్) మీరు ఆపిన చోటే తెరుచుకోవాలి. నాకు ఒక కంప్యూటర్లో చక్కగా తెరుచుకునేది, అదే ఫైల్ రెండోదాంట్లో మొదటి పేజీకి పోయేది. ఫైల్ పాడైందేమోనని కొత్త ఫైల్లోకి కాపీ చేశాను, వెర్షన్ మార్చాను, ఏమీ లాభం లేకపోయింది. కారణం పేరు! ఆ ఫైల్‌ని చివరగా సేవ్ చేసిన మనిషి పేరు, మీ సెట్టింగుల్లో ఉన్న పేరు ఒకటైతేనే రైటర్ మిమ్మల్ని పాత చోటికి తీసుకెళ్తుంది. పేరు ఖాళీగా ఉంటే తీసుకెళ్ళదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది ఖాళీగానే ఉంటుంది. నా రెండు కంప్యూటర్లలో ఒకదాంట్లో పొట్టిపేరు, రెండోదాంట్లో ఇంటిపేరుతో సహా ఉంది. రైటర్ లెక్కలో ఇద్దరు వేరే మనుషులన్నమాట.

టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, లిబ్రెఆఫీస్ కింద యూజర్ డేటాలో పేరు నింపండి. రెండు కంప్యూటర్లు వాడేవాళ్ళు అక్షరం తేడా లేకుండా రెండిట్లోనూ ఒకేలా రాయండి. తర్వాత ఫైల్ మెనూలో ప్రాపర్టీస్‌కి వెళ్ళి అప్లై యూజర్ డేటాకి టిక్ ఉందో లేదో చూడండి, లేకపోతే పెట్టండి. ఆప్షన్స్‌లోనే సెక్యూరిటీ కింద, సేవ్ చేసేటప్పుడు వ్యక్తిగత సమాచారం తీసేయమనే టిక్ ఉంటే మాత్రం ఆ టిక్ తీసేయండి, లేకపోతే నింపిన పేరు ఫైల్లోకి చేరదు.

ఇంతా చేసి వెంటనే ఫైల్ తెరిచి "రాలేదు" అనకండి. పాత ఫైల్లో కొత్త పేరు ఇంకా లేదు కదా! లోపలెక్కడో ఒక అక్షరం మార్చి, సేవ్ చేసి, మూసి, అప్పుడు తెరవండి. మధ్యలో ఇంకెవరైనా దిద్ది పంపితే మాత్రం ఆసారి మొదటి పేజీయే వస్తుంది, అది లోపం కాదు.

ప్రొఫైల్ (సాఫ్ట్‌వేర్ మీ సెట్టింగులు దాచుకునే చోటు) పాడవడం, వర్డ్‌లో ఏదో మాక్రో (పనులు తనంతట తాను చేసే చిన్న ప్రోగ్రామ్) షిఫ్ట్ ఎఫ్5ని లాక్కోవడం లాంటివి ఉంటాయి గానీ చాలా అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్ళండి.