సీనియర్ మ్యుజీషియన్లు కొత్త పాట రిలీజ్ చేస్తే ముందు ఎవరికి పంపాలి, ఎలా పంపాలి

ఏళ్ళ తరబడి పాడుతున్నవాళ్ళు, వాయిస్తున్నవాళ్ళు కొత్త పాట రెడీ అవగానే ఎక్కువగా చేసేది ఏంటంటే దాన్ని తీసుకెళ్ళి యూట్యూబ్‌లోనో స్పాటిఫైలోనో పెట్టేసి, ఫేస్‌బుక్‌లో ఒక పోస్ట్ వేసి, ఎవరైనా వింటారేమో అని ఎదురుచూడటం. ఆ పోస్ట్ మీ ఫాలోవర్లందరికీ కనపడదండీ, ఎవరికి చూపించాలో ఆ యాప్ డిసైడ్ చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా మీ పాటలే వింటున్న మనిషికి మీ కొత్త పాట సంగతి ఆర్నెల్ల తర్వాత ఎవరో చెప్తే తెలుస్తుంది, నాకైతే ఇది చాలా బాధగా ఉంటుంది. అందుకే పాట ముందు పాత అభిమానులకి వెళ్ళాలి, అది కూడా ఏ యాప్ చేతిలోనూ లేని దారిలో వెళ్ళాలి, మిగతావన్నీ తర్వాతే.

ఆ దారి ఈమెయిల్ లిస్టే. పాత పద్ధతి అనిపిస్తుంది గానీ ఇప్పటికీ దీన్ని మించింది లేదు. మారిలియన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఉంది, 1997లో వాళ్ళు అమెరికా టూర్‌కి డబ్బుల్లేవు అంటే అభిమానులే ఇంటర్నెట్‌లో కూడబలుక్కుని దాదాపు 60 వేల డాలర్లు పోగు చేశారు. ఆ ధైర్యంతోనే బ్యాండ్ వాళ్ళు తర్వాతి ఆల్బమ్ ఇంకా రికార్డ్ చేయకముందే అభిమానులకి మెయిల్ పెట్టి ముందే కొంటారా అని అడిగితే 12 వేల మందికి పైగా కొన్నారు, ఆ ఆల్బమ్ 2001లో వచ్చింది. అప్పట్లో ఇప్పుడున్న సోషల్ మీడియా ఏదీ లేదు, వాళ్ళ దగ్గర ఉన్నదల్లా అడ్రసులు, నమ్మకం.

లిస్ట్ లేకపోతే ఈరోజే మొదలుపెట్టండి. మీ వెబ్‌సైట్‌లో ఒక చిన్న ఫారం, పేరూ మెయిల్ ఐడీ చాలు, ఫోన్ నంబరూ ఊరూ పుట్టినరోజూ అన్నీ అడిగితే సగం మంది మధ్యలోనే వదిలేస్తారు. ప్రోగ్రామ్ జరిగే చోట క్యూఆర్ కోడ్ పెట్టండి, పక్కనే ఒక నోట్‌బుక్, పెన్ను కూడా పెట్టండి, ఎందుకంటే మీ అభిమానుల్లో చాలామంది వయసు కూడా మీతో పాటే పెరిగింది కదా, స్కాన్ చేయడం కంటే రాయడమే వాళ్ళకి సుఖం. అడగకుండా ఎవర్నీ లిస్ట్‌లో కలపొద్దు. ఇంకోటి, మామూలు మెయిల్‌లోంచి వందల మందికి ఒకేసారి పంపితే అది స్పామ్‌లోకి పోవచ్చు, పైగా అడ్రసులన్నీ బీసీసీలో (ఒకరి ఐడీ ఇంకొకరికి కనపడని గడిలో) కాకుండా పైన పెట్టేస్తే అందరి ఐడీలు అందరికీ కనపడతాయి, అందుకని న్యూస్‌లెటర్ సర్వీస్ ఏదో ఒకటి వాడండి, వద్దనుకున్నవాళ్ళు ఒక్క క్లిక్‌తో బయటికెళ్ళే లింక్ అందులోనే వస్తుంది.

పాట పంపేముందు హక్కుల సంగతి తేల్చుకోండి. పాత పాటల మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, చాలావరకు లేబుల్స్ దగ్గరే ఉండిపోతాయి, పాత పాటనే మళ్ళీ పాడి పెడదాం అనుకుంటే పాత అగ్రిమెంట్ తీసి చదవండి, ఇన్నేళ్ళ దాకా మళ్ళీ రికార్డ్ చేయకూడదు అనే షరతు ఉండొచ్చు. కొత్త పాటకైతే రాసినవాళ్ళకెంత, ట్యూన్ కట్టినవాళ్ళకెంత అనేది రిలీజ్‌కి ముందే కాగితం మీద పెట్టి అందరూ సంతకాలు చేయండి. ముప్పై ఏళ్ళ స్నేహం అయినా సరే చేయండి, స్నేహం నిలబడాలంటే ఇంకా చేయాలి.

ఫైల్ దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. అభిమాని డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్లో ఓపెన్ చేస్తే "ట్రాక్ 01, అన్‌నోన్ ఆర్టిస్ట్" అని వస్తే ఎలా ఉంటుంది? వారం తర్వాత వెతుక్కుంటే ఆ పాట దొరకదు. పాట పేరు, మీ పేరు, సంవత్సరం, కవర్ బొమ్మ అన్నీ ఫైల్ ట్యాగుల్లో (ఫైల్ లోపలే ఉండే వివరాల గడుల్లో) నింపండి. బాగా వినేవాళ్ళకి ఫ్లాక్ (క్వాలిటీ తగ్గని పెద్ద ఫైల్), మిగతావాళ్ళకి 320 కేబీపీఎస్ ఎంపీ3 (చిన్న ఫైల్), రెండూ ఇవ్వండి. జిప్ ఫైల్ ఒక్కటే పంపొద్దు, ఫోన్లో అది విప్పడం తెలియక ఆగిపోయేవాళ్ళు చాలామంది, నొక్కగానే మోగే లింక్ కూడా పెట్టండి. లిరిక్స్, ఎవరు ఏం వాయించారు అనేది ఒక పేజీ రాసి జత చేయండి, క్యాసెట్ లోపలి కాగితం చదువుకుంటూ పాట విన్న జనం కదా, అది చూస్తే ఎంత మురిసిపోతారో.

గొంతు గురించి ఒక మాట. వయసుతో గొంతు మారుతుంది, శ్రుతి ఒక మెట్టు దించుకోండి, అందులో తప్పేం లేదు. అంతేగానీ ఆటోట్యూన్‌తో (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌తో) నున్నగా తోమేసి ఇరవయ్యేళ్ళ గొంతులా చేయొద్దు దయచేసి. మీ వాళ్ళు వినాలనుకునేది ఇప్పటి మిమ్మల్నే.

అమ్మాలనుకుంటే బ్యాండ్‌క్యాంప్ లాంటి, ఆర్టిస్టులు నేరుగా అభిమానులకి పాటలు అమ్ముకునే సైట్‌లో పెట్టొచ్చు. డిజిటల్ అమ్మకాల మీద వాళ్ళు 15 శాతం తీసుకుంటారు, అమ్మకం 5,000 డాలర్లు దాటితే 10 శాతం అవుతుంది, పేమెంట్ ఖర్చులు వేరే. కనీస ధర పెట్టి, ఇష్టమైనవాళ్ళు ఎక్కువ ఇచ్చేలా వదిలేయండి, నిజంగానే ఇస్తారు. 2007 అక్టోబరులో రేడియోహెడ్ అనే బ్రిటిష్ బ్యాండ్ కొత్త ఆల్బమ్‌ని మీకు తోచినంత ఇవ్వండి అని సొంత సైట్‌లోనే పెట్టింది. తర్వాతి ఏడాది నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ బ్యాండ్ ఇంకా తెలివిగా చేసింది, 36 ట్రాకుల్లో మొదటి తొమ్మిది ఫ్రీ, మొత్తం కావాలంటే 5 డాలర్లు, 300 డాలర్ల స్పెషల్ సెట్లు 2,500 మాత్రమే, అవన్నీ అమ్ముడైపోయాయి. ఇదే లెక్క చిన్నగా మీరూ చేయొచ్చు: ఒక పాట ఫ్రీగా, ఆల్బమ్ మామూలు ధరకి, సంతకం పెట్టిన సీడీలు కొన్ని.

రెండు మూడు వారాలు మీ వాళ్ళు విన్నాక అప్పుడు స్ట్రీమింగ్‌కి పంపండి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక ట్రాక్‌కి ఏడాదిలో కనీసం 1,000 ప్లేలు రాకపోతే రాయల్టీయే లేదు, అక్కడ డబ్బు కోసం కాదు, కొత్తవాళ్ళు తగులుతారని పెట్టడమే. వాళ్ళ ప్లేలిస్టుల కోసం పాట రిలీజ్‌కి కనీసం వారం ముందే పిచ్ చేయాలి, అంటే మా పాట పరిశీలించండి అని వాళ్ళకి పంపాలి. మీ పేరే ఉన్న ఇంకో ఆర్టిస్ట్ పేజీలోకి పాట వెళ్ళిపోవడం చాలా మామూలు, రిలీజ్ రోజు పొద్దున్నే చెక్ చేసి తేడా ఉంటే డిస్ట్రిబ్యూటర్‌కి (మీ పాటని స్ట్రీమింగ్ యాప్‌లకి చేర్చే కంపెనీకి) వెంటనే రాయండి.

మెయిల్ మాత్రం మీరే రాయండి, పీఆర్ వాళ్ళకి వదలొద్దు. పాట ఎలా పుట్టిందో నాలుగు లైన్లు, కింద లింక్, అంతే. అడగనివాళ్ళ మీద రుద్దితే ఏమవుతుందో 2014లో యూ2 అనే ఐరిష్ బ్యాండ్ చూసింది, ఆపిల్ వాళ్ళ ఐట్యూన్స్ వాడే 50 కోట్ల అకౌంట్లలోకి ఆల్బమ్‌ని ఊరికే తోసేస్తే ఫ్రీగా వచ్చినా జనం తిట్టారు, చివరికి ఆ బ్యాండ్ సింగర్ బోనో సారీ చెప్పాల్సి వచ్చింది. మెయిల్ పంపాక రెండు రోజులు వేరే పని పెట్టుకోకండి, లింక్ పనిచేయలేదని రాసినవాళ్ళకి ఫైల్ మళ్ళీ పంపండి, పాట గురించి రాసినవాళ్ళకి రెండు ముక్కలైనా మీ చేత్తో జవాబివ్వండి.