సెలవుల్లో మైన్‌క్రాఫ్ట్‌కు పైథాన్ కలిపే ముందు జాగ్రత్తలు

పోయిన ఆదివారం నెల్లూరు మూలాపేటలో ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లవాడు దసరా సెలవుల నుంచి, బ్లాకులతో కట్టుకునే కంప్యూటర్ ఆట మైన్‌క్రాఫ్ట్‌లో రంగనాథస్వామి ఆలయాన్ని కడుతున్నాడు. గాలిగోపురం, ఎదురుగా వీధి, ఒక పక్క పెన్నా గట్టు. వాళ్ల తాతయ్య గుడికి వెళ్లినప్పుడల్లా ప్రాకారాన్ని అడుగులతో కొలిచి, కాగితం మీద రాసుకొచ్చి ఇచ్చేవారట. నేను వెళ్లేసరికి తెర మీద అన్ని గోడలూ ఐదు వరుసల దగ్గర కోసేసినట్టు ఆగిపోయి ఉన్నాయి. గోపురం లేదు. పిల్లవాడు ఏడవడం లేదు, మాట్లాడటం లేదు.

వాడు నడిపింది ఒక్క వరుస పైథాన్ కోడ్. గుడి కింద నేలమాళిగ తవ్వాలనుకున్నాడు. ఎఫ్3 నొక్కి, తాను ఏ చోట, ఏ ఎత్తులో ఉన్నాడో చెప్పే అంకెలు చూసుకున్నాడు. ఎత్తు 5 నుంచి 60 వరకు గాలి నింపమని, అంటే బ్లాక్ నంబరు 0 పెట్టమని, ఒకేసారి చాలా బ్లాకులు మార్చే సెట్‌బ్లాక్స్ ఆజ్ఞకు చెప్పాడు. ఎఫ్3 లెక్కలో అది నేల కిందే. కానీ పైథాన్‌ను ఆటకు కలిపే ఎంసీపీఐ లైబ్రరీ చెప్పే మాటను సర్వర్లో అందుకునే రాస్ప్‌బెర్రీజ్యూస్ ప్లగిన్ (సర్వర్‌కు తగిలించే చేర్పు), సెట్టింగు మార్చకపోతే, అంకెలను స్పాన్ పాయింట్ నుంచి, అంటే ఆటగాడు మొదట పుట్టే చోటు నుంచి లెక్కిస్తుంది. వాడి స్పాన్ ఎత్తు 64. దానికి 5 కలిపితే 69. నేల కింద తవ్వాల్సిన గుంత నేలకు ఐదు వరుసల పైన మొదలై గుడిని తీసుకుపోయింది.

పిల్లవాడి తప్పు ఈ అంకెలు కాదు. ఈ అంకెల దగ్గర నేనూ తడబడ్డాను, నేర్చుకునే ప్రతివారూ తడబడతారు. తప్పు ఒక్కటే: కట్టినదంతా దాచి ఉండే వరల్డ్ ఫోల్డర్‌ను కాపీ తీయకుండా స్క్రిప్టు నడిపాడు. కందుకూరులో ఒకసారి ఇదే చూశాను, ఒంగోలులో ఒకసారి పనికిరాని కాపీ చూశాను. కోడ్ వేరు, కట్టిన పిల్లలు వేరు, తప్పు మాత్రం కాపీ దగ్గరే.

చేత్తో ఒక బ్లాకు పొరపాటున పగలగొడితే మళ్లీ పెట్టుకోవచ్చు. స్క్రిప్టు అలా కాదు. వంద పొడవు, వంద వెడల్పు, వంద ఎత్తు అని రాస్తే ఒక్క ఎంటర్‌తో 10 లక్షల బ్లాకులు మారిపోతాయి. పెట్టెలు పోతే అందులోని సామానూ పోతుంది. వెనక్కి తిప్పే మీట ఈ ప్లగిన్‌లో లేదు. సేవ్ చేయకుండా ఆపేస్తే సరిపోతుందని పిల్లలు అనుకుంటారు. సర్వర్ మామూలుగా ఐదు నిమిషాలకు ఒకసారి తనంతట తానే సేవ్ చేస్తుంది. స్టాప్ కొడితే ఆగే ముందు మళ్లీ సేవ్ చేస్తుంది. ఆ గుడి అలాగే, కూలిన రూపంలో భద్రంగా సేవ్ అయింది.

కాబట్టి కాపీ తీయండి. ఎలా తీయాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఒంగోలు అబ్బాయి దగ్గర కాపీ ఉంది, అది పనికిరాలేదు. ప్లగిన్లు నడిపే స్పిగాట్ వంటి సర్వర్లలో వరల్డ్ ఒక ఫోల్డర్‌లో ఉండదు. ఆటలోని మరో రెండు లోకాలు నెదర్‌కు, ఎండ్‌కు పక్కనే వేరే ఫోల్డర్లు ఉంటాయి. మూడూ తీయాలి. సర్వర్ ఆపి తీయడం అన్నిటికన్నా మంచిది. ఆపడం కుదరకపోతే కన్సోల్‌లో, అంటే సర్వర్‌కు ఆజ్ఞలు రాసే కిటికీలో, ముందు సేవ్-ఆఫ్, తర్వాత సేవ్-ఆల్ కొట్టి, కాపీ అయ్యాక సేవ్-ఆన్ కొట్టండి. ఆట నడుస్తుండగా సగం రాసి ఉన్న ఫైలును కాపీ చేస్తే సగం ఫైలే వస్తుంది. ఫోల్డర్ పేరులో తేదీ వేయండి. పాత కాపీ మీద కొత్తది రాయకండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. తీసిన కాపీని వేరే సర్వర్ ఫోల్డర్‌లో పెట్టి తెరిచి, గోపురం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. తెరవని కాపీని నమ్మకండి.

ఏ స్క్రిప్టునూ మొదటిసారి అసలు వరల్డ్ మీద నడపకండి. చదునైన ఖాళీ వరల్డ్ ఒకటి పెట్టుకుని, అక్కడ నడిచాక ఇక్కడికి తీసుకురండి. అంకెలను ఎఫ్3 నుంచి తీసుకోకండి. ఆ చోట నిలబడి, మీరున్న చోటు చెప్పే గెట్‌టైల్‌పోస్ ఆజ్ఞ ఇచ్చినవే వాడండి. లేదా ప్లగిన్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) రిలేటివ్ అని ఉన్నచోట ఆబ్సొల్యూట్ అని మార్చండి.

రెండో భయం ఇంటి బయట నుంచి. ఈ ప్లగిన్ 4711 పోర్టు (నెట్‌వర్క్‌లో లోపలికి వచ్చే ద్వారం) దగ్గర వింటుంది, సంకేతపదం అడగదు. కాన్ఫిగ్‌లో హోస్ట్‌నేమ్ 0.0.0.0 అయితే అదే వైఫైలో ఉన్న ఎవరైనా మీ వరల్డ్‌ను చెరిపేయగలరు. దాని బదులు 127.0.0.1 పెట్టండి, అప్పుడు ఆ కంప్యూటర్ నుంచి మాత్రమే వింటుంది. స్నేహితులు ఆడుకోవడానికి రౌటర్లో ఆట పోర్టు 25565 తెరిచే పెద్దలు 4711 కూడా తెరుస్తున్నారు. తెరవకండి. దూరం నుంచి సర్వర్‌కు ఆజ్ఞలిచ్చే ఆర్‌కాన్ పోర్టు 25575ను కూడా తెరవకండి: దానికి సంకేతపదం ఉన్నా అది తీగ మీద దాపరికం లేకుండా వెళ్తుంది.

పాత వెర్షన్ సర్వర్ పెట్టేవాళ్లు సర్వర్ చిట్టా రాసే లాగ్4జె అనే లైబ్రరీలో 2021 డిసెంబరులో బయటపడిన లోపాన్ని మరచిపోకూడదు. చాట్‌లో ఒక్క సందేశం పంపి సర్వర్ కంప్యూటర్‌నే చేజిక్కించుకోగలిగారు. ఆట 1.18.1 వెర్షన్‌లో సరిచేశారు, అంతకు ముందువాటికి ఆట తయారీదారు మోజాంగ్ చెప్పిన మార్పులు చేయకుండా బయటివారిని రానివ్వకండి.

ఇక మిగిలినవి, ఒక్కొక్కటీ చదవండి.

కొత్త వెర్షన్‌లో కట్టిన వరల్డ్‌ను పాత సర్వర్లో తెరవకండి. తెరవాలనిపిస్తే కాపీని తెరవండి.

లైబ్రరీ పేరు అక్షరం అక్షరం సరిచూసి, లైబ్రరీలను దించే పిప్‌కు ఇవ్వండి. దగ్గరి పేర్లతో దొంగ ప్యాకేజీలు పెడతారు.

వీడియో కింద ఉన్న లంకె నుంచి ప్లగిన్ దించకండి. 2023 జూన్‌లో పేరున్న సైటు కర్స్‌ఫోర్జ్‌లోనే కొన్ని మోడ్‌లలో (ఆటకు తగిలించే చేర్పుల్లో) ఫ్రాక్చరైజర్ అనే దొంగ ప్రోగ్రామ్ దొరికింది.

ఆగని లూప్‌లో స్లీప్ (కాసేపు ఆగమనే ఆజ్ఞ) పెట్టండి.

మధ్యాహ్నం కరెంటు పోయే వేళల్లో డెస్క్‌టాప్ మీద పెద్ద స్క్రిప్టు నడపకండి.

ఆన్‌లైన్ పోటీ ఆటలకు స్క్రిప్టులు తగిలించకండి. ఖాతా పోవచ్చు, తిరిగి రాకపోవచ్చు.

తమ్ముడి వరల్డ్ మీద మీ స్క్రిప్టు నడపకండి.

సున్నాలు లెక్కపెట్టండి. ఎంటర్ కొట్టే ముందు మళ్లీ లెక్కపెట్టండి.

కాపీ తీశారా? ఈ రోజు తేదీతో ఉందా? తెరిచి చూశారా? మూడింటికీ అవునంటేనే ఎంటర్ కొట్టండి.