అయస్కాంతానికి అంటనివి కూడా కదులుతాయి: ఇంట్లోనే చూసుకోండి

దేవరకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. కొత్తలో ఒకసారి రాగి వైరని కొన్నదానికి అయస్కాంతం పెట్టి చూశా. అంటలేదు, ఇంకేం అని రెండు మోటార్లకు చుట్టేశా. నెల తిరక్కముందే రెండూ కాలినయి. పైన రాగి పూత, లోపలంతా అల్యూమినియం. రాగీ అంటదు, అల్యూమినియమూ అంటదు, ఇక అయస్కాంతం ఏం చెప్తుంది? ఇప్పుడు బ్లేడుతో గీకి చూస్తా, చేత్తో తూచి చూస్తా. రాగి మూడింతలకు పైగా బరువు.

ముందు అంటేవి చూద్దాం. పాత స్పీకరు అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి వాగు ఇసుకలో తిప్పండి. నల్లటి నలుసులు మీసాల్లా నిలబడతాయి. అది మాగ్నటైట్, ఇనుప ఖనిజం. కవర్లోంచి అయస్కాంతం లాగేస్తే రాలిపోతాయి. కవరు లేకుండా ముంచారో, పూటంతా గోళ్లతో గీక్కోవాల్సిందే.

స్టీలు గ్లాసుకు పెట్టండి. 304 అనే స్టెయిన్‌లెస్ స్టీలు రకమైతే అడుగున అంటదు, అంచు దగ్గర కొద్దిగా లాగొచ్చు. కల్తీ అనుకోకండి. వంచి నొక్కిన చోట స్టీలు లోపలి అమరిక మారుతుంది.

ఇక అంటనివి. పాత హార్డ్ డిస్క్‌లోని నియోడిమియం అయస్కాంతం (మామూలు వాటికంటే చాలా బలమైంది) సంపాదించండి. మందపాటి అల్యూమినియం పలకను ఏటవాలుగా పెట్టి దానిమీద జార్చండి. చెక్కమీద సర్రున జారేది ఇక్కడ నెమ్మదిగా దిగుతుంది. కదిలే అయస్కాంతం లోహంలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు తన అయస్కాంత బలంతో దాన్నే వెనక్కి పడుతుంది. ఆగితే ఏమీ లేదు. బోరు మోటారు రోటర్లోని రాగి కడ్డీల్లో పుట్టేదీ ఇలాంటి కరెంటే, రోటరును తిప్పేది అదే.

నాకిష్టమైంది ద్రాక్షపండ్ల ఆట. చీపురుపుల్ల రెండు కొసలకు చెరో పండు గుచ్చి, నడుమ దారం కట్టి వేలాడదీయండి. ఫ్యాను బంద్ చేయండి, తలుపు వేయండి, పుల్ల నిలబడేదాకా ఓపిక పట్టండి. పండుకు తాకీతాకనట్టు అయస్కాంతం తెస్తే అది మెల్లగా పక్కకు జరుగుతుంది. రెండో ముఖం తిప్పి పెట్టినా జరిగేది దూరమే. పండులో ఎక్కువగా ఉన్నది నీళ్లు, నీళ్లను అయస్కాంతం కొద్దిగా నెడుతుంది. రాగి కూడా ఈ జాతిదే. అల్యూమినియాన్ని మాత్రం రవ్వంత లాగుతుంది, అది కంటికి ఆనదు.

రెండు నియోడిమియం ముక్కలను పిల్లల చేతికివ్వకండి, మింగితే పేగులు వాటి మధ్య నలుగుతాయి. నా బొటనవేలు ఒకసారి నలిగితే వారం నల్లగానే ఉంది.